ఊట మీద కొమ్ముపిట్టలు

మాఘం, చలి వదులుతున్న వారం

పొద్దున్నే ఆకులెత్తే యంత్రం దారి తప్పి సన్యాసమ్మ బొప్పాయితోటలో దూరింది. నేను వెళ్ళేసరికి ఆమె చీపురు తిరగేసి దాని వీపు మీద బాదుతోంది.

"ఒలే దమయంతీ! నీ ఇనప గేదె నా మొక్కలు మేసేస్తన్నాది. బేగి రాయే!"

మీట నొక్కి ఆపి, దాన్ని కంచె అవతలికి తోసుకెళ్ళాను. దాని పని అక్కడే. కొండ మీది ఎర్రడవి నుంచి గాలికి కొట్టుకొచ్చే ఆకును ఊడ్చి సిమెంటు గుంటలో వెయ్యాలి. ఎర్రడవిలో చెట్లు ఏపుగానే ఉంటాయి. చూడ్డానికి ఏ లోపమూ కనపడదు. కానీ రాగికొండ అణుకేంద్రం పగిలినప్పుడు పడిన ధూళి ఆ మట్టిలో ఇంకా ఉంది. వేళ్ళు దాన్ని పీల్చి ఆకులకు పంపుతాయి, ఆకు రాలి మళ్ళీ మట్టిలో కలుస్తుంది. అందుకే మా కొత్తూట ఊళ్ళో నిద్ర లేచినవాళ్ళు ముఖం కడుక్కోకముందే వాకిట్లో ఆకులు ఏరతారు.

కేంద్రం పగిలిన నాటికి సన్యాసమ్మ చిన్నపిల్ల. తల్లి చెయ్యి పట్టుకుని కొండ దిగిపోయింది. ఇప్పుడు తల నెరిశాక, తిరిగొచ్చిన మొదటి గుంపుతో పైకొచ్చింది. మాకోసం పునరావాస మండలివాళ్ళు ఈ వాలు మీద మూరెడు లోతు పాతమట్టి గీకేసి కొత్తమట్టి పోశారు. చెట్లన్నీ కొట్టేశారు. ఊట పైన బండరాయిని వేళ్ళతో పట్టి ఉంచిన తాండ్రచెట్టు ఒక్కటే మిగిలింది. ఆ కొత్తమట్టిలో కాసిన మొదటి పంట సన్యాసమ్మ బొప్పాయిలు. అడిగినా ఎవరికీ పెట్టదు. అన్నీ కోడలు పైడితల్లికే. పైడితల్లికి ఇప్పుడు అయిదో నెల; బాగా పండిన బొప్పాయైతే కడుపుతో ఉన్నవాళ్ళకు భయం లేదని కింది ఆస్పత్రిలో చెప్పారు. ఈ ఊళ్ళో కడుపుతో ఉన్న మొదటి మనిషి తనే కాబట్టి ఊరంతా ఆమె మీదే కళ్ళు వేసుక్కూర్చుంది.

నా ఉద్యోగం మండలి తరఫున మట్టి, నీళ్ళు, తిండి కొలవడం. నా చేతిలో ఉండే పరికరాన్ని ఊళ్ళో టిక్కుపెట్టె అంటారు. ఆకుపచ్చ దీపం వెలిగితే నిశ్చింత, పసుపు వెలిగితే జాగ్రత్త, ఎరుపైతే పరుగు. తిరిగొచ్చినప్పటి నుంచీ మా ఊట దగ్గర పచ్చదీపమే. ఈ సాయంత్రం మాత్రం ఒక్కసారి పసుపు మెరిసి ఆరింది. పెట్టె అడుగున తడి తగిలిందేమోనని తుడిచి ఇంటికి తెచ్చాను.

ఫాల్గుణం మొదట్లో

తడి కాదు. ఊట గట్టు మీద పసుపు దీపం నిలకడగా వెలుగుతోంది. నీళ్ళలో ఇంకా పచ్చే, కానీ టిక్కులు పెరుగుతున్నాయి.

కారణం కోసం వెతకని చోటు లేదు. కంచె చూశాను, చిరుగు లేదు. యంత్రం చక్రాలు కడిగించాను. గాలి మళ్ళిందేమోనని వాకిళ్ళ ఆకులన్నీ కొలిచాను. పైడితల్లి భర్త గవరయ్య బండ మీదికి ఎక్కి, పగుళ్ళలో పాచి గీకి నాకు ఇచ్చాడు. అది పెట్టె కింద పెట్టగానే టిక్కులు వడగళ్ళలా రాలాయి.

"పైనుంచే వస్తన్నాది అక్కా. రాయి మీదేటో పడతన్నాది," అన్నాడు.

అంటూ తలెత్తాడు. అదే క్షణాన చెట్టు మీంచి ధారగా ఏదో వచ్చి అతని భుజం మీద చపక్కున పడింది.

"ఓలమ్మో! ఇదేటిది!"

పెట్టె దగ్గరికి తెస్తే పసుపు దాటి ఎరుపు అంచు దాకా పోయింది. నేను నవ్వు ఆపుకోలేకపోయాను. గవరయ్యకు కోపం వచ్చింది. చొక్కా విప్పి గుంటలో వేయించి, సబ్బుతో రెండుసార్లు ఒళ్ళు కడిగించాక ఇద్దరం చెట్టు కేసి చూశాం.

తాండ్ర మాను మీద, కొమ్మలు చీలే చోట తొర్ర ఉంది. తొర్ర మూతిని ఎవరో మేస్త్రీ అలికినట్టు మట్టితో మూసేశారు. సన్నటి చీలిక ఒక్కటే మిగిలింది. ఆ చీలికలోంచి పసుపుపచ్చ ముక్కు బయటికొచ్చి ఊగింది. కాసేపటికి రెక్కల చప్పుడు. ముక్కు మీద ఇంకో ముక్కు తగిలించుకున్నట్టున్న పెద్ద నలుపు తెలుపు పక్షి వచ్చి మానుకు అతుక్కుంది. గొంతులోంచి ఒక్కొక్క పండూ పైకి తెచ్చి చీలికలోకి అందించింది. ఎర్రటి మేడిపండ్లు.

మా ఊళ్ళో మేడిచెట్టు లేదు. అవి ఎక్కడివో చెప్పనక్కర్లేదు.

"కొమ్ముపిట్టలే ఇవి," అంది సన్యాసమ్మ వెనకనుంచి. ఎప్పుడొచ్చిందో! "మా అమ్మ సెప్పేది. ఆడది తొర్రలో కూకుని తలుపు మూసేసుకుంటాది. పిల్లలకి రెక్కలొచ్చీదాకా మొగుడే తిండి మోస్తాడు." ఆ గొంతులో కాసింత మురిపెం ఉంది. తర్వాత ఊట కేసి చూసింది. మురిపెం పోయింది. "ఆ నీళ్ళే గదే మా కోడలు తాగుతన్నాది?"

ఫాల్గుణం, హోలీ మర్నాడు

కొలతలు మండలికి పంపే ముందు సన్యాసమ్మ మా ఇంటికి వచ్చింది. గడప దాటలేదు.

"పంపకే. నీ పెట్టె నోరు కొన్నాళ్ళు ముయ్యలేవా? గవరడు చెట్టెక్కి ఆ తొర్ర మూసేస్తాడు. ఎవులికీ తెలీదు."

"మూస్తే లోపల తల్లి చచ్చిపోతుంది పెద్దమ్మా. గుడ్లో పిల్లలో కూడా ఉండి ఉంటాయి."

"అయితే నా కోడలి కడుపు ముందా? పిట్ట కడుపు ముందా?"

కొలతలు దాచడం మాత్రం నావల్ల కాదన్నాను. నేను దాస్తే రేపు పచ్చదీపం చూపించినా ఎవరు నమ్ముతారు? ఆమె వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచీ నాతో మాట్లాడలేదు. ఎదురుపడితే కోడిని తిట్టే నెపంతో నన్నే తిట్టింది.

మండలి నుంచి మా పై అధికారి త్రివిక్రమ్ గారు తీగబండిలో పైకొచ్చారు. కొండ కింది నుంచి తీగ మీద వేలాడుతూ మాకు సరుకులు తెచ్చే బండి అది. ఎక్కినప్పుడల్లా ఆయనకు కళ్ళు తిరుగుతాయి, అయినా ఏ నెలా మానరు. చెట్టు కింద చాలాసేపు నిలబడి చూశారు.

"ఈ పక్షుల్ని ఈ కొండల్లో మళ్ళీ చూస్తాననుకోలేదు," అన్నారు. ఆ వెంటనే ముఖం దిగిపోయింది. "దమయంతి గారూ, ఇప్పటికైతే నీళ్ళు తాగొచ్చు. కానీ బండ మీద పేరుకున్నదంతా మొదటి వాన కడిగి ఊటలో కలుపుతుంది. వానల్లోపల గట్టు మీద పచ్చదీపం రాకపోతే ఊట మూసెయ్యాలి. ఊట మూస్తే ఊరు దిగిపోవాలి. వేరే నీళ్ళు లేవుగా."

"సెట్టు కొట్టెయ్యండి బాబూ," అంది సన్యాసమ్మ.

"కొట్టొచ్చమ్మా. వేళ్ళు చస్తే ఆ బండ నిలుస్తుందా, ఊట ఏ దారి పడుతుంది, నేను హామీ ఇవ్వలేను."

రెండోసారి కొండ దిగాలన్న భయం సన్యాసమ్మ ముఖంలో కనిపించింది. నేను చూడలేక పక్కకు తిరిగాను.

చైత్రం

గవరయ్య బండ మీద టార్పాలిన్ కప్పాడు. మేం రోజూ దాన్ని మడిచి, కడిగి, మళ్ళీ పరుస్తున్నాం. కొంత మేలు కనిపించింది. కానీ బండ నిటారుగా ఉంటుంది, గాలి దూరితే పట్టా తెరచాపలా లేస్తుంది. పైగా కొండముచ్చులకు అది ఊయల అయిపోయింది. నిన్న అంచులు చింపి పట్టుకుపోయాయి. ఒకటి ఆ ముక్కను భుజాన వేసుకుని మా కప్పు మీద తిరిగింది, పెళ్ళిపెద్దలా.

ఎండలు ముదిరేకొద్దీ మగపిట్ట ఇంకా లోపలికి పోతున్నట్టుంది. ఎర్రడవి నడిమధ్య, కేంద్రం గోడల దగ్గర, వాగు ఒడ్డున మాత్రమే ఇప్పుడు మేడి కాస్తుంది. కొత్తగా పడే రెట్ట కింద పెట్టె పెడితే దీపం నేరుగా ఎరుపుకే పోతోంది.

ఈ మధ్యాహ్నం పైడితల్లి అరుగు మీద నేను బొప్పాయి మొదళ్ళకు వెయ్యాల్సిన పొటాష్ కలుపుతున్నాను. ఆమె అత్తగారు నాతో మాట్లాడకపోయినా పొటాష్ నేనే కలపాలి. పైడితల్లి ముందు నాలుగిళ్ళ గిన్నెలున్నాయి. సున్నుండలు, పెసరట్టు, ఎవరిదో పాయసం, అత్తగారు కోసిన బొప్పాయి.

"వదినా, నాను తినలేను. ఊరంతా నన్నే మేపుతన్నాది. ఇంకో ముద్ద తింటే పేలిపోతాను." గిన్నె పక్కకు తోసి నా చేతిలో తట్ట కేసి చూసింది. "మొక్కలకి పొటాషెందుకు ఏస్తన్నావు?"

"తెలిసిందే కదే. దానితో కడుపు నిండితే మొక్క ధూళి జోలికి పోదు."

"మరి పిట్టకి మాత్రం అదే నాయం కాదేటి? ఇక్కడ కడుపు నిండితే అంత దూరమెందుకు ఎగురుతాడు? నాకు పెట్టీదంతా దానికి పెట్టండి. అదీ కడుపుతో ఉన్నదే గదా."

నేను తట్ట కింద పెట్టేశాను. లోపల చాట చప్పుడు ఆగింది. సన్యాసమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. చాలా రోజుల తర్వాత నా కళ్ళలోకి చూసింది.

"ఏ పండు పెడతావే?" అని అడిగింది నన్ను.

"కింది నుంచి మేడిపండ్లు తెప్పించాలంటే చెట్టు దొరకాలి, పిందె పండాలి. ఇప్పటికిప్పుడు ఊళ్ళో ఉన్న శుభ్రమైన పండు..." నా చూపు బొప్పాయిల మీదికి పోయింది.

ఆమె తోట కేసి తిరిగింది. పండిన కాయలు ఆకుల కింద పసుపుగా వేలాడుతున్నాయి. నేలను చూసింది, కోడల్ని చూసింది, మళ్ళీ తోటను చూసింది.

"కత్తి తే," అంది.

వైశాఖం

అనుకున్నంత సులువుగా జరగలేదు. చెట్టు పక్కన మంచె కట్టి, కాయ నిలువునా కోసి పెట్టాం. మొదటిరోజు కాకులు తిన్నాయి. రెండోరోజు కొండముచ్చులు తిని గింజలు మా మీదికి ఉమ్మాయి. సన్యాసమ్మ కర్ర పట్టుకుని మంచె కిందే కూర్చుంది. మగపిట్ట వచ్చి దూరంగా వాలి, తల వంచి బొప్పాయిని ఒక కంటితో చూసి, ఇంకో కంటితో చూసి, ఎర్రడవి వైపు ఎగిరిపోయింది.

"ఎంత టెక్కే వీడికి! కొత్తల్లుడి కంటే ఎక్కువ," అంది ఆమె.

ఆ మాటతో దానికి పేరు పడింది. ఊరంతా ఇప్పుడు దాన్ని అల్లుడు అనే అంటున్నారు.

త్రివిక్రమ్ గారికి ఫోన్ చేశాను. ఆయన పక్షుల వీడియోలన్నీ ముందేసుకుని కూర్చున్నారట. "కోసిన చెక్కలు పెట్టకండి. అది పండును గొంతులో దాచుకుని మోస్తుంది. ఒక్కసారి మింగేంత గుండ్రంగా, మేడిపండంత ఉండాలి. నేల నుంచి ఎత్తుగా, ఊగే చోట పెట్టండి. బరువైన జంతువు ఎక్కలేనంత సన్నటి చోట."

గవరయ్య సన్నటి పొడవాటి వెదురు కొండ కింది నుంచి తెచ్చి బండ పక్కన పాతాడు. చివర అడ్డంగా పిట్ట వాలేందుకు ఒక పుల్ల, దాని రెండు కొసలకూ పండు గుచ్చే ముళ్ళు. కొండముచ్చు ఎక్కితే వెదురు నేలకు వంగి దాన్ని మర్యాదగా దింపేస్తుంది. వెదురు తల మేమే తాడుతో వంచాం. సన్యాసమ్మ బొప్పాయి గుజ్జును చేత్తో ఉండలు చేసి ఇస్తే, నేను ముళ్ళకు గుచ్చి తాడు వదిలాను.

అందరం అరుగు చాటున నక్కాం. పైడితల్లి కూడా నడుం పట్టుకుని వచ్చింది. అల్లుడు వచ్చాడు. గొంతులో ఉన్నవి భార్యకు ఇచ్చి, వెళ్ళబోతూ వెదురు మీద వాలాడు. పుల్ల ఊగింది, సర్దుకున్నాడు. ముక్కు కొసతో ఒక ఉండ తీశాడు. గాల్లోకి ఎగరేసి పట్టుకుని మింగాడు. ఆగాడు. ఇంకోటి. ఇంకోటి. గొంతు ఉబ్బింది. అడవి వైపు పోలేదు. వెనక్కి తిరిగి తొర్ర దగ్గరికే పోయాడు.

చీలికలోంచి ముక్కు వచ్చింది. బొప్పాయి ఉండ లోపలికి పోయింది.

"తిన్నాదే! ఒలే దమయంతీ, తిన్నాదే!" సన్యాసమ్మ నా రెండు చేతులూ పట్టుకుని ఊపేసింది. బొప్పాయి గుజ్జు నా మోచేతుల దాకా అంటింది. మా మధ్య పట్టింపు ఎటు పోయిందో ఇద్దరికీ తెలీదు.

జ్యేష్ఠం, ఉరుములు మొదలయ్యాయి

ఇప్పుడు ఊరికంతటికీ ఇదే పని. పొద్దున ఆకులు ఏరడం, తర్వాత అల్లుడి భోజనం. బొప్పాయి ఒక్కటే చాలదని త్రివిక్రమ్ గారు కింది పల్లెల్లో చెట్టు వెతికించి, తీగబండి నిండా మేడిపండ్లు, నేరేళ్ళు పంపుతున్నారు. పిట్టపిల్లలకు మాంసం కావాలి కదా అని మిడతలు పట్టి ఇచ్చేవాళ్ళూ ఉన్నారు. అల్లుడు అడవికి పూర్తిగా పోవడం మానలేదు. మగాడు కదా, ఊరు తిరగాలి అంటుంది సన్యాసమ్మ. కానీ మునుపటంత పోవడం లేదు. రెట్ట కింద టిక్కులు రోజురోజుకూ పలచబడుతున్నాయి. బండ పగుళ్ళన్నీ బ్రష్షుతో కడిగి, ఆ మురికినీళ్ళు స్పాంజితో ఎత్తి గుంటకు చేర్చాం. నా గోళ్ళు అరిగిపోయాయి.

గట్టు మీద దీపం ఇంకా పసుపే. మబ్బు మాత్రం ఆగేలా లేదు.

పైడితల్లిని ప్రసవానికి కింది ఆస్పత్రికి పంపే రోజు ఖాయమైంది. బండెక్కే ముందు ఊట దగ్గరికి వచ్చింది. "నాను తిరిగొచ్చీసరికి ఊరుంటాదా వదినా?" అని అడిగింది. ఉంటుందని మాటిచ్చే అధికారం నాకు లేదు. "నువ్వైతే బిడ్డను తీసుకురా," అన్నాను. గవరయ్య ఆమె చెయ్యి పట్టుకుని బండిలో కూర్చోబెట్టాడు. సన్యాసమ్మ బండి కనుమరుగయ్యేదాకా నిలబడింది.

జ్యేష్ఠం, అమావాస్య ముందు

తల్లిపిట్ట తలుపు పగలగొట్టింది! లోపలి నుంచి పొడిచి పొడిచి, మట్టి పెళ్ళలు రాల్చి, బయటికి వచ్చింది. రెక్కలు మరిచిపోయినట్టు కాసేపు కొమ్మ మీద కూర్చుండిపోయింది. దాని వెనక రెండు పిల్లలు, ఈకలు చెదిరి, ముక్కులు ఒంటికి మించినంత పెద్దవి. మొదటిది ఎగిరి నేరుగా గవరయ్య కప్పు మీద దొర్లింది. రెండోది సాయంత్రం దాకా బతిమాలించుకుని ఎగిరింది. సన్యాసమ్మ దానికి అచ్చం మనిషికి చెప్పినట్టే ధైర్యం చెప్పింది.

వెంటనే నిచ్చెన వేసి తొర్ర అడుగునున్న చెత్త తీశాం. బండ మరోసారి కడిగాం. ఈసారి పైనుంచి కొత్తగా పడేది లేదు.

చీకటి పడకముందే త్రివిక్రమ్ గారు వచ్చారు. ఆయన పెట్టె వేరు, నా పెట్టె వేరు. రెండూ గట్టు మీద పక్కపక్కన పెట్టాం. నాది పచ్చ. ఆయనది పసుపు మెరిసింది, ఊగిసలాడింది, పచ్చగా ఆగింది. ఆయన రాయి జరిపి మళ్ళీ పెట్టారు. పచ్చ. పగుల్లో పెట్టారు. పచ్చ.

"ఊట తెరిచే ఉంచండి," అన్నారు. చెమట తుడుచుకుని, దోసిలి పట్టి ఊటలో నీళ్ళు తాగారు.

వాన ఆ మాట కోసమే ఆగినట్టు పడింది.

శ్రావణం

పైడితల్లి వచ్చింది, ఒళ్ళో ఆడపిల్లతో. తీగబండి దిగుతూనే పిల్లను సన్యాసమ్మ చేతుల్లో పెట్టి, "మీ పిట్టలెక్కడత్తా?" అంది. నాలుగూ కంచె దాటి తిరుగుతున్నాయి. పొద్దున ఒకసారి వచ్చి వెదురు మీద వాలి చూసిపోతాయి.

ఈ వారం తాండ్రచెట్టు చుట్టూ ఏవో మొలకలు లేచాయి. పిట్టలు దూరంగా కక్కిన గింజలు మేం ఏరకుండా మిగిలినవి. ఎర్రడవి గింజలు కాబట్టి పీకించబోయి, ముందు పెట్టె పెట్టి చూశాను. పచ్చదీపం. నమ్మలేక ఆకు కోసి, బయటి ధూళి తగలకుండా మూతడబ్బాలో పెట్టి కొలిచాను. మళ్ళీ పచ్చే.

త్రివిక్రమ్ గారికి ఫోన్ చేస్తే, ఇంకో ఆకు కోయించి మళ్ళీ కొలిపించారు. తర్వాత, "గింజలో ఉండేది పిసరంత. మొక్క మన కొత్తమట్టిలో తిని పెరిగితే ఆ పిసరు పలచబడిపోతుంది. దమయంతి గారూ, మనం కాలుపెట్టలేని అడవి విత్తనాన్ని అవి మోసుకొచ్చి ఇచ్చాయి," అన్నారు. రేపే సంచులూ మట్టీ పంపుతారట, నారుమడి కట్టమన్నారు.

ఈ మాట చెబుదామని వెళితే సన్యాసమ్మ అప్పటికే చెట్టు కింద గొంతుక్కూర్చుని ఉంది, మనవరాలిని భుజాన వేసుకుని. ఒక మొలక చుట్టూ గడ్డి తీస్తోంది.

"ఇదేటో తెలుసా? సారపప్పు మొక్క. మా పాతూరి దిబ్బంతా ఇవే ఉండేవి. పళ్ళు మేం తినేసి గింజలు కొట్టి పప్పు తీసేవోళ్ళం. నా కళ్ళతో మళ్ళీ సూస్తాననుకోనేదు."

ఆమె వేలు ఆకు అంచు మీద ఉండిపోయింది. కంటి నిండా నీళ్ళు, కానీ నవ్వుతోంది. నేనూ పక్కన కూర్చున్నాను.

"కాపుకొచ్చేసరికి చాలా ఏళ్ళు పడుతుంది పెద్దమ్మా."

"పట్టనీ. నా కోసమేటి?" పిల్ల వీపు నిమిరింది. "దీని పాలపళ్ళు ఊడీసరికి కాస్తాది. ఆ నీళ్ళిలా తే, మొదలు ఆరిపోతన్నాది."